రెండు గురుపీఠముల నడుమ విద్యార్థి

మా మిత్రులొకరు తమ డాబాయింటిపై రెండవ అంతస్తు వేయదలచి, ఇంజనీరింగు విద్య నభ్యసించిన తమ కుమారుల నిద్దరిని సలహా యడిగిరి. పెద్దవాడు ఊరికి సమీపమునందలి కళాశాలలో చదివి పట్టము పొందినవాడు. అతడు పుస్తకము తెరచి, పట్టిక చూచి, దూలమింత, కంబి యింత యని క్షణములో చెప్పివేసెను. చిన్నవాడు ఒక విదేశ విశ్వవిద్యాలయముతో కలసి నడుపబడు సంయుక్త విద్యాక్రమమున మూడవ సంవత్సరము చదువుచున్నవాడు. అతడు పుస్తకమును ముట్టనే లేదు. "పునాది యెంత లోతు తీయించినారు, నాన్నగారూ? అడుగున నున్నది నల్లరేగడియా, మొరమా? ఆనాడు కట్టిన మేస్త్రి యిప్పుడెక్కడ నున్నాడు? పైన నీళ్లతొట్టి పెట్టించెదరా?" అని తండ్రిని ప్రశ్నింప మొదలిడెను. మా మిత్రులకు కోపము వచ్చినది. "ఇన్ని లక్షలు పోసి చదివించితిని. వాడు నాకు జవాబు చెప్పుటకు మారుగా నన్నే పరీక్షించుచున్నాడు" అని మాతో మొరపెట్టుకొనిరి.

మేము నవ్వితిమి గాని, ఆ మొర మమ్ము చాలదినములు విడువలేదు. ఇద్దరు కుమారులును తెలివిగలవారే. ఇద్దరును ఒకే యింట, ఒకే తల్లి చేతి యన్నము తినినవారే. వారి యందలి భేదము విషయజ్ఞానమున గాక, జ్ఞానమును గూర్చిన భావమున నున్నది. జ్ఞానమనగా గ్రంథమున సిద్ధముగా నుండునది, దానిని తీసి యిచ్చుటయే విద్య యని పెద్దవాని తలంపు. జ్ఞానమనగా ఈ యింటికి, ఈ నేలకు, ఈ బరువునకు సరిపోవునట్లు విచారించి నిర్ణయింపవలసినదని చిన్నవాని తలంపు. మన పూర్వులు దీనినే ప్రమాణవిచారమనిరి. మనమెరిగినది మనమెట్లెరిగితిమి, దానిని నమ్ముటకు ఆధారమేమి యను చింత యది. ఈ చింతను కలిగించుటకు విదేశములతోడి సంయుక్త విద్య యవసరమా? కలిగించుచున్నదని చెప్పువారి మాట యెంతవరకు నిజము? ఈ ప్రశ్నలను పాఠకుల యెదుట నుంచుటకే మా యీ ప్రయత్నము.

విదేశసహాయముతో ఇంజనీరింగు విద్య నెలకొల్పుట మనదేశమునకు క్రొత్తది కాదు. 1959లో మద్రాసు ఐ.ఐ.టి. పశ్చిమజర్మనీ తోడ్పాటుతో వెలసినది. 1962 మొదలు 1972 వరకు కాన్పూరు ఐ.ఐ.టి.కి అమెరికాలోని తొమ్మిది విద్యాసంస్థలు ఒక సంఘముగా నేర్పడి సహాయపడినవి. 2008లో మన తెలుగునాట నెలకొన్న హైదరాబాదు ఐ.ఐ.టి.కి జపాను సహకారము లభించినది. అదే సంవత్సరమున బొంబాయి ఐ.ఐ.టి.యు, ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమును కలసి పరిశోధకులను తీర్చిదిద్దుటకు ఒక అకాడమీని స్థాపించినవి. అయినను, పాఠ్యక్రమమును, అధ్యాపకులను, పట్టములను గూడ పంచుకొను సంయుక్త విద్యను మిక్కిలి విస్తారముగా పెంచిన దేశములలో చైనా ముఖ్యమైనది. 2003లో ఆ దేశప్రభుత్వము విదేశసంస్థలతో కలసి విద్యాలయములు నడుపుటకు ప్రత్యేకనిబంధనలు చేసినది. 2006లో షాంఘై జియావోటాంగ్ విశ్వవిద్యాలయమును, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమును కలసి షాంఘైనగరమున ఒక సంయుక్త ఇంజనీరింగు సంస్థను నెలకొల్పినవి.

ఆ సంస్థలో బోధన ఆంగ్లభాషలో జరిగినది. యంత్రశాస్త్రము, విద్యుత్తు, కంప్యూటరు శాస్త్రములు ప్రధానవిషయములు. కొందరు విద్యార్థులు రెండేండ్లు షాంఘైలో చదివి, తరువాతి రెండేండ్లు ఆన్ ఆర్బర్ పట్టణమునకు పోయి చదివి, రెండు పట్టములు పొందిరి. మొదటి యేటనే జట్లుగా కూడి యొక వస్తువును రూపొందించి చూపవలయును. కడపటి యేట పరిశ్రమలవారు తెచ్చిన సమస్యకు ఉపాయము కనుగొనవలయును. ఈ సమస్యలకు పుస్తకము చివర జవాబు లుండవు. దేశమంతటికి నొకటియైన ప్రవేశపరీక్షలో ఒక్కొక్క మార్కునకై సంవత్సరముల తరబడి కన్నులు కాయలు కాచునట్లు చదివి వచ్చిన బాలునకు, బాలికకు, ఇట్టి చదువు ఎంత వింతగా తోచునో మన తెలుగు తల్లిదండ్రులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగు జవాబులలో నొకదానికి ఎదురుగా గుర్తు పెట్టుటయే విద్య యని రెండేండ్లు, నాలుగేండ్లు మన పిల్లలకు గూడ మనమే నూరిపోయుచున్నాము గదా.

ఇట్టి చదువు విద్యార్థి మనస్సును మార్చినదా యని విచారించువారు తరచుగా చేత బట్టుకొను కొలబద్ద యొకటి కలదు. అది అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థులకు చదువువిషయమున సలహా లొసగుచుండిన విలియం పెర్రీ యను నతడు నిర్మించినది. ఇతడు 1950లలోను, 60లలోను ఆ కళాశాల విద్యార్థులను ఏటేట పిలిచి, ఆ యేడు తమకు ముఖ్యముగా తోచిన దేమో చెప్పుమని మాటలాడించి, వారి మాటలనుండి ఒక నిచ్చెనను కట్టెను. 1970లో వెలువడిన అతని గ్రంథమున దానికి తొమ్మిది మెట్లు గలవు. క్రింది మెట్లనున్న విద్యార్థికి ప్రతి ప్రశ్నకు ఒప్పు, తప్పు అను రెండే యుండును. ఒప్పు గురువునకు తెలియును, గురువు చెప్పవలెను, తాను వ్రాసికొనవలెను. కొంత పైకి పోయిన పిమ్మట, పెద్దలలో పెద్దలకే యేకాభిప్రాయము లేదని తెలిసి, "ఎవరి యభిప్రాయము వారిది" యనును. ఇంకను పైకి పోయినచో, అభిప్రాయములన్నియు సమానములు కావనియు, ఆధారమును బట్టి, సందర్భమును బట్టి యొకదానికంటె నొకటి మేలైనదనియు గ్రహించును. కడపటి మెట్లపై, సంపూర్ణమైన నిశ్చయము దొరకదని యెరిగియు, తన నిర్ణయమునకు తానే పూచీపడి నిలుచును.

ఈ నిచ్చెన సామాన్యమైనది కాదు. ఉపాధ్యాయులైనవారందరును దీనిలో తమ శిష్యుల ముఖములను గుర్తించెదరు. తల్లిదండ్రులు తమ పిల్లలను, నిజము చెప్పవలెనన్న తమ్మును గూడ గుర్తించెదరు. కావున దానిని త్రోసివేయుట మా యుద్దేశము కాదు. దానిని ఒకచోటినుండి మరియొకచోటికి మోసికొనిపోయి, ఆలోచింపక గోడకు చేరవేయుటను మాత్రమే మేము విమర్శింపదలచితిమి.

మొదటి యాక్షేపణ యిది. ఆ నిచ్చెన యొక్క కర్ర యొకే తోటలోనిది. పెర్రీ వినిన కంఠములు ముఖ్యముగా ఒకే కళాశాలకు చెందిన యువకులవి. ఈ లోపమును పురుషులు గాక స్త్రీలే మొదట ఎత్తిచూపిరి. 1986లో బెలెంకీ, క్లించీ, గోల్డ్‌బర్గర్, టరూల్ అను నలుగురు విదుషులు 135 మంది స్త్రీలను మాటలాడించి యొక గ్రంథమును ప్రకటించిరి. అందు జ్ఞానయాత్ర "గురువు చెప్పినదే ఒప్పు" అను చోట గాక, అంతకు ముందున్న మౌనము కడ మొదలగుట కనబడినది. తనకొక మాట యున్నదనియే యెరుగని స్థితి యది. అటుపై ఇతరుల మాట వినుట, తన లోపలి మాట వినుట, రెంటిని పరీక్షించు పద్ధతి నేర్చుట, తుదకు తానును జ్ఞానమును నిర్మించు దానననుకొనుట యను దశలు వారికి గోచరించినవి. ఆడపిల్లలను ఇంజనీరింగు కళాశాలలకు పంపుచున్న మన గృహస్థులు ఈ మాటను శ్రద్ధతో వినవలెను. తరగతిలో చేయి యెత్తని బాలికను చూచి, ఈమెకు స్వంత యాలోచన లేదని వ్రాసికొను పరీక్షకుడు, ఆమె మౌనమునకు కారణము ఇంటిలోనున్నదో, తరగతిలోనున్నదో, తన చూపులోనే యున్నదో విచారింపడు.

రెండవ యాక్షేపణ భాషను గూర్చినది. పరభాషలో ప్రశ్న వేసి, పరభాషలో జవాబును వ్రాయించుకొని, ఆ జవాబు చిన్నదిగా, సూటిగా నున్నది గావున విద్యార్థి క్రింది మెట్టున నున్నాడని నిర్ణయించుట న్యాయమా? సందేహమును, షరతును, ఒకింత యొప్పుకోలును, ఒకింత కాదనుటను చెప్పుటకు భాషపై ఎంతయో యధికార ముండవలయును. "ఔను", "కాదు" అనుటకు అంత యక్కరలేదు. స్వభాషలో పది సందేహములు చెప్పగల బాలుడు, పరభాషలో ఒక్క నిశ్చయము చెప్పి యూరకుండును. అది మనస్సు యొక్క మెట్టు కాదు, నోటి యొక్క మెట్టు.

మూడవది లెక్కకు సంబంధించినది. సంయుక్తసంస్థలో చదివినవారు ఇతరులకంటె పై మెట్టున నున్నారని తేలినదనుకొందము. వారట్లుండుటకు ఆ చదువే కారణమా? తెలియని త్రోవను, పరభాషను, అధికవ్యయమును కోరి యెన్నుకొనిన కుటుంబములు మొదటినుండియే వేరుగా నుండవచ్చును. అదిగాక, పదునెనిమిదేండ్ల బాలుడు ఇరువదిరెండేండ్లవా డగునప్పటికి, ఏ కళాశాలలో నున్నను కొంత యెదుగును. చెట్టు పెరిగిన ఘనతనంతయు నిన్న నీరు పోసినవాడే తనదనరాదు. చేరినప్పుడెట్లుండిరో, విడిచినప్పుడెట్లుండిరో, అట్టివారే మరియొకచోట చదివి యెట్లయిరో, ఈ మూడును ప్రక్కప్రక్కన పెట్టి చూడనిదే ఫలమును నిర్ణయింపరాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ విచారణల వెనుక, పైకి చెప్పని తలంపొకటి తరచుగా పొంచియుండును. తూర్పుదేశములవారు గురువాక్యమునకు తలయొగ్గువారు, పడమటివారు ప్రశ్నించువారు, కావున సంయుక్తవిద్య యనగా తూర్పును పడమరకు నడపించుట యని ఆ తలంపు. ఇది చరిత్ర నెరుగని మాట. చైనాలో క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే వాంగ్ చుంగ్ అను పండితుడు లోకము నమ్మిన మాటలను ఒక్కొక్కటిగా తూచి విమర్శించుచు పెద్ద గ్రంథము వ్రాసెను. మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగని చెప్పి, శబ్దము ప్రమాణమగుట కది ఆప్తుని వాక్యమై యుండవలెనని నియమము పెట్టిరి. తత్త్వము తెలియుటకు చేయు వాదము వేరు, గెలుచుటకు చేయు జల్పము వేరు, ఎదుటివానిని ఖండించుటకే చేయు వితండ వేరు అని విభజించిరి. ప్రశ్న మన యింటిలో పుట్టలేదని యెవ్వరును చెప్పజాలరు. పుట్టినదానిని మనము పెంచలేదని చెప్పినచో, అది మేమొప్పుకొందుము. ఆ లోపము తూర్పుదనమువలన గాక, మన పరీక్షలవలనను, మన తొందరవలనను, మన పెద్దరికపు దర్పమువలనను కలిగినది.

పడమటివారు గురువాక్యమునకు తలయొగ్గరా? 1907 ఆగస్టు 29వ తేదీన కెనడాలోని క్వెబెక్ నగరమున సెంట్ లారెన్స్ నదిపై కట్టబడుచున్న వంతెన కూలిపోయి 75 మంది పనివారు మరణించిరి. ఆ పనికి సలహాదారు న్యూయార్కున నున్న థియొడోర్ కూపర్ అను ప్రఖ్యాత ఇంజనీరు. నడిమి యెడమును 1600 అడుగులనుండి 1800 అడుగులకు పెంచిరి. పెంచినపుడు వంతెన తన బరువే యెంత పెరుగునో మరల సరిగా లెక్కింపలేదు. కూలుటకు ముందే ఇనుపకమ్ములు వంగుట పనిచోట నున్నవారు చూచిరి. చూచియు, అంతటివాని లెక్క తప్పునా యని కొందరును, న్యూయార్కునుండి జాబు రానిమ్మని కొందరును తడసిరి. కంటితో చూచిన ప్రత్యక్షము, దూరమున నున్న పెద్దవాని పేరు ముందు ఓడిపోయినది. పెర్రీ నిచ్చెనయొక్క మొదటి మెట్టు హార్వర్డు బాలురకు మాత్రమే గాక, తల నెరసిన ఇంజనీర్లకును ఆ దినమున నివాసమైనది. జ్ఞానమును గూర్చిన జ్ఞానము పండితుల వినోదము గాదనియు, అది లేనిచోట మనుష్యులు చత్తురనియు ఈ యొక్క సంగతి చాటుచున్నది.

ఇక సంయుక్తవిద్యలో నిజముగా మేలు చేయునదేదో విచారింతము. అది భవనములు కావు, విదేశపట్టము కాదు, ఆంగ్లము కాదు. ఇద్దరు గురువులు ఒకే విషయమును వేర్వేరుగా చెప్పుట విద్యార్థి తన చెవులతో వినుటయే ఆ మేలు. ఒక యుదాహరణ మిచ్చెదము. కాంక్రీటు బలమెంత యని యడిగినచో, మన దేశమున 150 మిల్లీమీటర్ల ఘనపు దిమ్మను పోసి, 28 దినములు తడిపి, యంత్రమున నొక్కి, పగిలిన యొత్తిడిని చెప్పుదురు. చైనాలోను ఘనపు దిమ్మనే నొక్కుదురు. అమెరికాలో అడ్డుకొలత 6 అంగుళములు, ఎత్తు 12 అంగుళములు గల స్తంభాకారపు దిమ్మను నొక్కుదురు. ఒకే కలపు నుండి తీసినను, స్తంభపు దిమ్మ సామాన్యముగా ఘనపు దిమ్మ చూపు బలములో అయిదింట నాలుగు వంతులు మాత్రమే చూపును.

ఈ సంగతి విన్న విద్యార్థులను చూడుడు. ఒకడు "రెంటిలో నేది ఒప్పు? పరీక్షలో ఏది వ్రాయవలెను?" అనును. ఇంకొకడు "ఏ దేశపు పద్ధతి ఆ దేశమునకు. మనకేల?" అనును. వేరొకడు "ఎందుచేత?" అనును. అతడు వెదకి, యంత్రపు ఇనుపపలకలకును దిమ్మ కొనలకును గల రాపిడి పొట్టిదియైన ఘనమును బిగించి పట్టుననియు, పొడవైన స్తంభపు నడిమిభాగమునకు ఆ పట్టు అందదనియు, కావున రెండును ఒకే కాంక్రీటును గూర్చిన నిజములే యైనను వేర్వేరు ప్రశ్నలకు జవాబులనియు తెలిసికొనును. అంతటితో నిలువక, ఘనపు దిమ్మయొక్క అంకెను తీసికొనిపోయి అమెరికావారి సూత్రమున పెట్టినవాడు, కాంక్రీటునకు లేని బలమున్నదని నమ్మి యిల్లు కట్టుననియు గ్రహించును. బలమను మాటకు వెనుక ఒక పద్ధతి యున్నది, పద్ధతికి వెనుక ఒక నిర్ణయమున్నది, నిర్ణయమునకు వెనుక మనుష్యులున్నారు. ఈ మూడు తెరలను తీసి చూచిన విద్యార్థి మరల ఎన్నడును పట్టికను గ్రుడ్డిగా నమ్మడు. పట్టికను పారవేయను గూడ పారవేయడు. దానిని ఎక్కడ నమ్మవలెనో యెరిగి నమ్మును.

ఇక్కడ ఒక హెచ్చరిక యవసరము. అన్నియు సందర్భమును బట్టియే యనుచు పోవువారు, ఇంజనీరింగు విద్యయొక్క స్వభావమును మరచెదరు. భూమ్యాకర్షణము షాంఘైలో నొకరీతిగా, రాజమహేంద్రవరములో నొకరీతిగా పనిచేయదు. దూలముపై బరువు పడినప్పుడు అది వంగుట యెవరి యభిప్రాయమును బట్టియు నుండదు. కాని, ఎంత బరువు వచ్చునని యెంచవలెను, ఎంత జాగ్రత్త యుంచవలెను, ఖర్చు తగ్గించుటకై యెంత యపాయమును సహింపవలెను, ఆ యపాయము ఎవరి నెత్తిపై పడును, ఇవి నిర్ణయములు. ప్రకృతినియమములయందు దృఢత్వమును, మానవనిర్ణయములయందు వివేచనమును, రెంటికిని గల గీటును గుర్తించు కన్నును ఇచ్చునదే మంచి ఇంజనీరింగు విద్య. నిచ్చెన యొకటే యని చెప్పువారు ఈ గీటును చెరిపివేయుచున్నారు. మెట్లెక్కుట కంటె, ఏ ప్రశ్నకు ఏ మెట్టున నిలువవలెనో తెలియుట ముఖ్యమని మా యభిప్రాయము.

సంయుక్తవిద్యలో కీడును గలదు. ఇద్దరు గురువుల నడుమ నున్న విద్యార్థి విచారణకు మారుగా వేషము నేర్చుకొనవచ్చును. ఈ గురువునకు గ్రంథవాక్యము ప్రియము, గావున అది యొప్పగించుట. ఆ గురువునకు "నా యభిప్రాయము" అను మాట ప్రియము, గావున ప్రతి వాక్యమునకు ముందు దానిని చేర్చుట. ఇతడు రెండు చోట్లను మార్కులు తెచ్చుకొనును, ఒకచోటను ఆలోచింపడు. ఇంకొక కీడు దీనికంటె సూక్ష్మమైనది. విద్యార్థి తన పాత గురువును ప్రశ్నించుట నేర్చి, క్రొత్త గురువును ప్రశ్నించుట నేర్వకపోవచ్చును. స్వదేశపు ఆచార్యుడు చెప్పినదానికి ఆధారమడుగును. విదేశపు ఆచార్యుడు చెప్పినదానిని ఆధారమనును. అతనికి జ్ఞానోదయమైనదని మనమనుకొందుము గాని, నిజమునకు పీఠము మాత్రమే మారినది, భక్తి మారలేదు.

ఈ కీడునకు మందొకటే. రాకపోకలు రెండువైపుల నుండవలెను. సంయుక్తమను పేరు పెట్టుకొని, ఒకవైపునుండి పాఠములును రెండవవైపునుండి విద్యార్థులును రుసుములును మాత్రమే వచ్చినచో అది సంయోగము కాదు, వర్తకము. వచ్చిన అధ్యాపకుడును ఇచ్చట కొంత నేర్చుకొని మారవలెను, అట్లు మారుట విద్యార్థులు కన్నులార చూడవలెను. మన గోదావరి జిల్లాలవారికి దీనికి దృష్టాంతము వెదకబనిలేదు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, అంతకుముందు కావేరిపై ప్రాచీన చోళదేశపు పనివారు కట్టిన కల్లణను పరిశీలించెను. లోతెరుగరాని ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును తాము ఆ పనివారినుండి నేర్చితిమని అతడే యొప్పుకొనెను. ఆ యొప్పుకోలులో నున్న విద్య పది సంయుక్తపాఠములలో నుండదు. తాను వచ్చిన దేశపు గ్రంథములో లేనిది, తాను పాలింపవచ్చిన దేశపు ఇసుకలో నున్నదని యతడు చూడగలిగెను, చూచినదానిని చెప్పగలిగెను. పరదేశపు ప్రభువుల కొలువులో నున్నవాడు చేయగలిగిన పనిని, సమానులమని యొడంబడిక వ్రాసికొన్న విశ్వవిద్యాలయములు చేయలేవా?

2025 జనవరిలో మిషిగన్ విశ్వవిద్యాలయము, దేశభద్రతను గూర్చి అమెరికా ప్రతినిధిసభలో లేచిన యాక్షేపణల నడుమ, షాంఘై భాగస్వామ్యమును ముగించుచున్నట్లు ప్రకటించినది. అంతకు కొలదినెలల ముందు, 2024లో, జార్జియా టెక్ విద్యాసంస్థయు టియాన్‌జిన్ విశ్వవిద్యాలయముతో కలసి షెన్‌జెన్ నగరమున నడపిన సంస్థనుండి తొలగుచున్నట్లు చెప్పియుండెను. ప్రభుత్వముల భయములు నిజములో కావో తీర్చుట మా పని గాదు. కాని పంతొమ్మిది సంవత్సరముల చరిత్ర గల యొడంబడిక యొక ప్రకటనతో తీరిపోగలదని మన తల్లిదండ్రులు గమనింపవలెను. పట్టముపై నుండు రెండవ ముద్ర రాజకీయములపై ఆధారపడి యుండును. విద్యార్థి మనస్సున పడిన ప్రశ్నించు నలవాటును ఏ ప్రభుత్వమును వెనుకకు తీసికొనజాలదు. కావున పిల్లలను ఇట్టి విద్యకు పంపునప్పుడు, "ఎన్ని పట్టములు? ఎంత జీతము?" అని మాత్రమే యడుగక, "అచ్చట జవాబు లేని సమస్యల నిత్తురా? గురువు 'నాకు తెలియదు, వెదకుదము' అని యెప్పుడైన ననునా? తప్పిన ప్రయత్నమునకును దానినుండి నేర్చినదానికిని విలువ యున్నదా? వచ్చిన అధ్యాపకులు ఇచ్చటి పనివారి కడకు పోవుదురా?" అనియు నడుగవలెనని మా మనవి.

ఇంకొక మాట చెప్పక తీరదు. ఈ నాలుగు ప్రశ్నలకును "ఔను" అను జవాబు వచ్చు కళాశాల ఏ విదేశమును ముట్టకయే ఈ మేలంతయు చేయగలదు. ఒక పాఠమును ఇద్దరు అధ్యాపకులు కలసి చెప్పి, విద్యార్థుల యెదుట మర్యాదతో విభేదించిన చాలును. దానికి విమానపుటిక్కెట్టు అక్కరలేదు. ఊరి చెరువు తూము ఎందుచేత కారుచున్నదో చూచి రమ్మని రెండవ యేటి విద్యార్థులను పంపి, నీరుకట్టువానిని గూడ గురువుగా నెంచి వినుడని చెప్పిన చాలును. ఇంటిలోనైనను, "పెద్దలకు ఎదురు చెప్పెదవా?" అను మాటను నోట ఆపుకొని, "నీవట్లనుకొనుటకు కారణమేమి?" అను మాటను అలవరచుకొన్న తల్లిదండ్రులు, రూపాయి ఖర్చు లేకుండ విశ్వవిద్యాలయమును తమ వసారాలో నెలకొల్పినవారగుదురు. ఆ ప్రశ్న కుమారునితో సమానముగా కుమార్తెను గూడ అడుగవలెను. వసారాలో ఎన్నడును నోరు విప్పని బాలిక ఆన్ ఆర్బరులో విప్పునని యాశించుట వట్టి మాట.

మా మిత్రుల యింటి సంగతి చెప్పి ముగింతుము. మేము చెప్పగా వారు కోపము నణచుకొని, గోడప్రక్క ఒక మూలను గోయి తీయించిరి. మేము పోయి చూచునప్పటికి చిన్నవాడు గోయిలో దిగి, పునాది రాతి వెడల్పును టేపుతో కొలుచుచుండెను. పెద్దవాడు గట్టుపై కూర్చుండి ఆ కొలతలను కాగితముపై వ్రాసికొని, ఒడిలోని పుస్తకమున పట్టికను వెదకుచుండెను. "ఈ పట్టిక గట్టినేలకు గదరా, ఇది రేగడి" అని తమ్ముని జూచి యనెను. తండ్రిగారు ఇద్దరి నడుమ నిలిచి, ఆ యింటిని కట్టిన మేస్త్రి కుమారుడు ఏ యూరనున్నాడో జ్ఞాపకము చేసికొనుచుండిరి.